శ్రవణము: శాస్త్రములు చూపిన క్రమము

పాణిని కారకప్రకరణములో ఒక చిన్న సూత్రమున్నది (1.4.29). నియమపూర్వకముగా విద్యను గ్రహించునపుడు ఆ విద్యను చెప్పువానికి అపాదానసంజ్ఞ కలుగునని దాని తాత్పర్యము. అందుచేత ఉపాధ్యాయుని వద్ద అధ్యయనము చేయు సందర్భములో 'ఉపాధ్యాయాత్' అని పంచమి వచ్చుచున్నది. నియమము లేనిచోట ఏమగును? దానికి వృత్తికారులు చూపిన ప్రత్యుదాహరణము నటుడు పాడు గాథను వినుట. అక్కడ 'నటస్య' అని షష్ఠియే. ఇద్దరి ఎదుటను శ్రోత కూర్చుండియే యున్నాడు. ఇద్దరి మాటలును చెవిని పడుచునే యున్నవి. శ్రోత్రేంద్రియము చేయు పనిలో భేదము లేదు. అయినను విభక్తి మారినది. వినువాని నియమమును బట్టి చెప్పువాని కారకము మారుచున్నదన్నమాట. కౌముదీపాఠములో ఈ సూత్రమును ఒక పూటలో దాటిపోవుదురు. పరీక్షలో ఉదాహరణ ప్రత్యుదాహరణములు వ్రాసిన విద్యార్థికి మార్కులు వచ్చును. వినుట యను క్రియను గురించి సూత్రకారుడు ఇంత సూక్ష్మముగా ఆలోచించినాడను సంగతి మాత్రము పాఠములో ప్రస్తావనకు రాదు.

పతంజలి ఈ సూత్రము లేకున్నను గడచునని చెప్పినాడు. విద్య ఉపాధ్యాయుని నుండి వెలువడుచున్నది గనుక, వియోగములో ధ్రువమైనదానికి అపాదానసంజ్ఞను చెప్పు సామాన్యసూత్రమే (1.4.24) చాలునని ఆయన ఆశయము. వెంటనే శంక కలుగును. చెట్టు నుండి పండు రాలిన తరువాత ఆ పండు చెట్టున నుండదు. విద్య వెలువడినచో ఉపాధ్యాయుని వద్ద అది మిగులరాదు గదా? దీనికి భాష్యకారుడు రెండు సమాధానములు చెప్పినాడు. వెలువడుట ఎడతెగక సాగుచుండుట వలన అది తరిగిపోదని మొదటిది. జ్ఞానములు జ్యోతిస్సుల వంటివని రెండవది. సూత్రము ఉండవలెనా అక్కరలేదా యను విచారము వైయాకరణులది. ప్రకృతమునకు కావలసిన విషయము ఒకటే: చెప్పువాని వద్ద విద్య తరుగదు గనుక, వినుటలో లోపము జరిగినపుడు ఆ నష్టమంతయు వినువానిదే.

'శ్రు' ధాతువునకు ఇచ్ఛార్థములో సన్ ప్రత్యయము చేరి 'శుశ్రూషా' శబ్దమేర్పడినది. వినవలెనను కోరిక అని దాని అవయవార్థము. అమరసింహుడు దీనిని వరివస్యా, పరిచర్యా శబ్దముల సరసన చేర్చి సేవ యను అర్థమును చెప్పినాడు. లోకములో రూఢమైనది ఈ రెండవ అర్థమే. తెలుగులో శుశ్రూష యనగానే రోగికి చేయు ఉపచారము స్ఫురించును, వినుట యను భావము స్ఫురింపదు. అయినను తెలుగువారి నుడికారములో ఆ మూలార్థము మరొక రూపములో బ్రతికియే యున్నది. 'పిల్లవాడు మాట వినుట లేదు' అని తల్లి అన్నపుడు ఆ పిల్లవానికి చెవుడని ఎవ్వరును అనుకొనరు. వినుట యనగా చెప్పినదానికి ఒదుగుట యని భాషయే నిర్ణయించినది. 'పెడచెవిని పెట్టుట' యను పలుకుబడియు ఇటువంటిదే. శబ్దము చెవిని చేరినది, కాని చెవి అటు తిరిగినది. సన్నంతమైన జ్ఞా, శ్రు, స్మృ, దృశ్ ధాతువులకు పాణిని ఆత్మనేపదమును విధించినాడు (1.3.57). శుశ్రూష ఫలము వినువానికే చెందును గనుక ఆత్మనేపదము వచ్చినదని కొందరు ఉపన్యాసకులు చమత్కరింతురు. వినుటకు బాగుగానే యుండును గాని, అది శాస్త్రము కాదు. క్రియాఫలము కర్తకు చెందుటతో నిమిత్తము లేకయే ఇక్కడ ఆత్మనేపదము విహితమైనది.

ఇక మనస్సును గురించి. తన మనస్సు వేరొకచోట నున్నది గనుక చూడలేదు, వేరొకచోట నున్నది గనుక వినలేదు అని మనుష్యుడు చెప్పుకొను మాటను బృహదారణ్యకము ప్రమాణముగా గ్రహించి, మనస్సుతోడనే చూచుచున్నాడు, మనస్సుతోడనే వినుచున్నాడు అని నిర్ణయించినది (1.5.3). చిత్తవిక్షేపము ఈ కాలమునకే వచ్చిన వ్యాధి కాదని దీనివలన స్పష్టము. నైయాయికులు ఒకేసారి అనేకజ్ఞానములు పుట్టకపోవుటయే మనస్సునకు లింగమని చెప్పిరి. ఆత్మ విభువు, ఇంద్రియములు ఐదు, విషయములును సన్నిధిలోనే యున్నవి. అయినను జ్ఞానములు ఒకదాని తరువాత ఒకటియే కలుగుచున్నవి. కావున నడుమ అణుపరిమాణము గల కరణము ఒకటి ఉండవలెను. అది ఒక క్షణమున ఒక ఇంద్రియముతోనే కూడగలదు.

దీనిమీద పూర్వపక్షము చాల రుచికరమైనది. పొడవైన శష్కులిని, అనగా చక్కిలము వంటి పిండివంటను, తినుచున్నవానికి దాని రూపము, వాసన, రుచి, స్పర్శ, కరకరమను ధ్వని ఐదును ఒక్కసారిగనే తెలియుచున్నవి గదా యని ఆక్షేపము. వేగముగా త్రిప్పిన కొరవి చక్రముగా కనబడినట్లు, నూరు కలువరేకులను సూదితో గ్రుచ్చినపుడు అన్నియు ఒక్కసారి చిల్లులు పడినట్లు తోచినట్లు, మనస్సు శీఘ్రముగా సంచరించుట వలన కలిగిన భ్రమయే అది యని సమాధానము. చెవి డొప్పకును కర్ణశష్కులి యనియే పేరు. ఆ డొప్పచే పరిమితమైన ఆకాశమే శ్రోత్రేంద్రియమని న్యాయమతము. నేడు తరగతిలో పాఠము వినుచు బల్లక్రింద సెల్‌ఫోనులో సందేశములు చదువు విద్యార్థి తాను రెండును చేయుచున్నానని నమ్ముచున్నాడు. సభావేదికమీద ఆసీనులైన పెద్దలును కొందరు అదే నమ్మికతో నున్నారు. చక్కిలము తిన్నవాని వాదమే ఇది. మనస్సు అణువు కాదు విభువు అని చెప్పిన భాట్టమీమాంసకులు సైతము ఒకదానియందు లగ్నమైనవానికి ఎదుటివాని మాట అందదను అనుభవమును కాదనవలసిన పని లేదు.

అట్లయినచో అష్టావధానము మాటేమి అని తెలుగువారు వెంటనే అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు, పురాణపఠనము, ఘంటాగణనము, అప్రస్తుతప్రసంగము మొదలగు అంశములతో ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టును కూర్చుందురు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) కవులు ఈ ప్రక్రియను ఊరూర ప్రచారము చేసి శతావధానములు సైతము నిర్వహించిరి. కాని అవధానములో జరుగుచున్నదేమో పరిశీలించినచో అది న్యాయమతమునకు విరుద్ధము కాదని తేలును. అవధాని ఒక పృచ్ఛకుని వద్ద ఒక పాదము చెప్పి తరువాతివాని వైపు తిరుగును. ఒక్కొక్క పృచ్ఛకుడు అడిగినపుడు ఆ ప్రశ్న తప్ప మరేమియు లేనట్లు వినును. విన్నదానిని ఒకచోట భద్రపరచి, మరల ఆ వరుస వచ్చినపుడు తీసికొనును. చివర ధారణలో పద్యములన్నియు అప్పగించును. ఒకేసారి ఎనిమిదింటిని వినుట అవధానము కాదు. ఎనిమిదింటిలో ప్రతిదానిని వేరువేరుగా పూర్తిగా వినుట అవధానము. అప్రస్తుతప్రసంగి పని ఆ ఏకాగ్రతను చెదరగొట్టుటయే. పూర్వము సభకు ఒక్క అప్రస్తుతప్రసంగి యుండెడివాడు. ఇప్పుడు ప్రతివాని జేబులోను ఒకడున్నాడు.

వినుటను ఒక్క క్రియగా గాక క్రమముగా విభజించి చెప్పినవాడు కౌటిల్యుడు. శుశ్రూష, శ్రవణము, గ్రహణము, ధారణము, విజ్ఞానము, ఊహ, అపోహ, తత్త్వాభినివేశము అను ఎనిమిది గుణములు గల బుద్ధినే విద్య తీర్చిదిద్దగలదని అర్థశాస్త్రము మొదటి అధికరణములో నున్నది (1.5). కామందకుడును స్వల్పభేదముతో వీనిని ధీగుణములుగా పరిగణించినాడు. శ్రవణము కంటె ముందు శుశ్రూష ఉండుట గమనింపదగినది. కోరిక లేనివాని చెవిలో ఎంత చెప్పినను రెండవ మెట్టు రాదు. రాజకుమారుడు పూర్వాహ్ణమున గజాశ్వరథాయుధవిద్యలను, అపరాహ్ణమున ఇతిహాసశ్రవణమును చేయవలెనట. మిగిలిన వేళ క్రొత్తవిషయమును గ్రహించుట, గ్రహించినదానిని పరిచయము చేసికొనుట, గ్రహింపలేనిదానిని మరల మరల వినుట. ఈ చివరిమాట మిక్కిలి విలువైనది. అర్థము కానిదానిని వదలిపెట్టుమని గాని, సంగ్రహమును చదువుకొమ్మని గాని కౌటిల్యుడు చెప్పలేదు. మరల వినుమన్నాడు. ఆ కుమారుడే రాజైన తరువాత కార్యార్థులు ద్వారమువద్ద నిలువవలసిన అగత్యము లేకుండ చూడవలెననియు, అత్యవసరకార్యమును వెంటనే వినవలెనే గాని దాటవేయరాదనియు మరొకచోట (1.19) విధించినాడు. చిన్ననాడు ఇతిహాసమును వినిన చెవియే పెద్దనాడు ప్రజల మొరను వినవలెను.

ఈ ఎనిమిదింటిని కొలబద్దగా పెట్టుకొని ఉద్యోగపర్వములోని ప్రజాగరఘట్టమును చదివినచో కథ క్రొత్తగా కనబడును. నిద్రపట్టని ధృతరాష్ట్రుడు విదురుని తానే పిలిపించినాడు. శుశ్రూష ఉన్నది. రాత్రియంతయు వినినాడు. శ్రవణమున్నది. నడుమ నడుమ ప్రశ్నలడిగినాడు, కనుక గ్రహణమును విజ్ఞానమును లేవని అనలేము. చివరకు విదురుడు చెప్పినది సరియే యనియు, తన బుద్ధియు పాండవుల యెడల అట్లే యున్నదనియు, కాని దుర్యోధనుని కలిసినంతనే అది తిరుగబడుచున్నదనియు ఆయనే ఒప్పుకొనినాడు. ఏడు మెట్లు ఎక్కినవాడు ఎనిమిదవదానివద్ద నిలిచిపోయినాడు. అతడు విదురుని మాట వినలేదని పౌరాణికులు సామాన్యముగా చెప్పుదురు. అంతకంటె భయంకరమైన విషయము భారతములో నున్నది. అతడు వినినాడు. చక్కగా వినియు తత్త్వమునందు అభినివేశము లేకపోవుట వలన ఆ శ్రవణము వంశమును రక్షింపలేకపోయినది.

శిష్యుడు గురువును వినుట కష్టమే గాని, ప్రతివాది వాదిని వినుట అంతకంటె కష్టము. ఇక్కడ న్యాయశాస్త్రము చేసిన ఏర్పాటు మరెక్కడను ఇంత స్పష్టముగా కనబడదు. గౌతముడు చెప్పిన ఇరువదిరెండు నిగ్రహస్థానములలో అననుభాషణమొకటి. వాది మూడుమార్లు చెప్పినాడు, సభవారికి అర్థమైనది, అయినను ప్రతివాది దానిని తిరిగి చెప్పలేకపోయినాడు. అంతటితో అతడు ఓడినట్లే. అతని సమాధానము మంచిదా చెడ్డదా యను విచారణ వరకు పోనక్కరలేదు. ఇది ప్రతివాదికే పెట్టిన నిర్బంధమని అనుకొనరాదు. మూడుమార్లు చెప్పినను ప్రతివాదికి గాని సభకు గాని అర్థము కాని మాట చెప్పిన వాదికి అవిజ్ఞాతార్థమను నిగ్రహస్థానమున్నది. వినువానికి మూడు అవకాశములు, చెప్పువానికి మూడు అవకాశములు. సభయే సాక్షి. ఎదుటివాని తాత్పర్యము తెలిసియు మాటకు వేరొక అర్థము పట్టుకొనుట ఛలము. క్రొత్తకంబళి కలవాడు అను భావముతో 'నవకంబలుడు' అని ఒకడనగా, వీనికి తొమ్మిది కంబళులెక్కడివని మరొకడు ఎదురాడుట దానికి ప్రసిద్ధమైన ఉదాహరణము. దూరదర్శనచర్చలలో నలుగురు ఒకేసారి మాటలాడుట చూచువారికి ఈ ప్రకరణమును మరల చదువవలెనని తోచక మానదు.

అననుభాషణమును నిగ్రహస్థానముగా అంగీకరింపనివారును కలరు. ధర్మకీర్తి వాదన్యాయములో నైయాయికుల నిగ్రహస్థానములను ఒక్కొక్కదానిని పరీక్షించుచు, వాది పలికినదంతయు తిరిగి పలుకనక్కరలేదు, దూషింపదలచిన అంశమును చూపిన చాలునని వాదించినాడు. యుక్తమైన మాటయే. అయినను దూషింపదలచిన అంశమును సరిగా చూపుటకైనను ముందు దానిని సరిగా వినియుండవలెను. కావున ఇరుపక్షముల వివాదము ఎంత తిరిగి చెప్పవలెనను పరిమాణమును గురించియే గాని, వినుట అవసరమా కాదా యను విషయమును గురించి కాదు.

పూర్వపక్షమును వినుటలో విజయము కంటె పెద్ద ప్రయోజనమొకటి తెలియకుండగనే సిద్ధించినది. చార్వాకుల మూలగ్రంథములు నష్టమైనవి. వారి వాదములు నేడు తెలియుచున్నవనగా వారిని ఖండించినవారు తమ గ్రంథములలో ఎత్తి చూపుట చేతనే. పదునాల్గవ శతాబ్దివాడైన మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహమును ఆరంభించినది చార్వాకదర్శనముతోనే. ఎత్తి చూపినవారందరును నిష్పక్షపాతముగా చూపిరని చెప్పుట కష్టము. అయినను, వారు వినకుండ తిట్టియుండినచో ఆ దర్శనము పేరు తప్ప మరేమియు మిగిలియుండదు.

కుమారిలభట్టును గురించి మాధవీయశంకరవిజయములో నున్న కథ ఈ సందర్భమున స్మరింపదగినది. అది చరిత్రయా కాదా యను విచారము వేరు. బౌద్ధమతమును ఖండింపవలెననిన దానిని లోపలనుండి వినవలెనని కుమారిలుడు వేషము మార్చుకొని బౌద్ధగురువుల వద్ద శిష్యుడైనాడు. విన్నాడు, గెలిచినాడు. తరువాత గురుద్రోహమునకు ప్రాయశ్చిత్తముగా తుషాగ్నిలో ప్రవేశించినాడు. అతని దృష్టిలో వారి సిద్ధాంతము తప్పే, తన విజయము ధర్మ్యమే. అయినను నియమపూర్వకముగా వారి వద్ద వినినాడు గనుక వారు గురువులైనారు. నటుని గాథవలె వినియున్నచో ఆ ఋణము లేకుండెడిది. వ్యాకరణములో పంచమీషష్ఠుల భేదముగా కనబడినది ఈ కథలో ఒక పండితుని ప్రాణమునకు సంబంధించిన విషయమైనది.

వేదపాఠశాలలోని సంథను గురించి చెప్పక ఈ విచారము పూర్తికాదు. ఋగ్వేదమునకు ఇరువదియొకటి, యజుర్వేదమునకు నూటయొకటి, సామమునకు వేయి, అథర్వమునకు తొమ్మిది శాఖలున్నట్లు పస్పశాహ్నికము చెప్పుచున్నది. నేడు పరంపర నిలిచియున్నవి యునెస్కో లెక్కలో పదమూడు. ఆ సంస్థ 2003లో వేదపఠనసంప్రదాయమును మౌఖికవారసత్వముగా ప్రకటించి, 2008లో ప్రపంచపట్టికలో చేర్చినది. నిలిచిన శాఖలు నిలిచినది చెవిమీదనే. పదములను విడదీసి, రెండేసిగా కలిపి, జటలో ముందు వెనుకలుగా త్రిప్పి, ఘనములో ఒకటిరెండు, రెండొకటి, ఒకటిరెండుమూడు, మూడురెండొకటి, ఒకటిరెండుమూడు అను వరుసను పలుకుటలో స్వరము జారినచో ప్రక్కవాని చెవి పట్టుకొనును. వ్రాసినదానిని చూచి చదువువానిని పాణినీయశిక్ష అధమపాఠకులలో చేర్చినది. తల ఊపుచు చదువువాడును ఆ పట్టికలోనే యున్నాడు. తల ఊపుచు వినువారిని గురించి శిక్షాకారుడు చెప్పలేదు గాని, సభలలో వారి సంఖ్య తక్కువ కాదు.

సంథలో సామాన్యముగా గురువు ఒకమారు చెప్పును, శిష్యుడు రెండుమార్లు చెప్పును. దీనిని శిష్యుని ధారణకొరకైన ఏర్పాటుగనే అందరును వివరింతురు. గురువు వైపునుండి లెక్కించినచో వేరొకటి కనబడును. గురువు తాను పలికినదానికి రెండింతలు వినుచున్నాడు. పదిమంది శిష్యులున్నచో పదిగొంతులలో తప్పిన ఒక్క అనుదాత్తమును పట్టవలసినవాడు ఆయనయే. నేటి కళాశాలలో అధ్యాపకుడు గంటసేపు మాటలాడును. విద్యార్థి గొంతు వినబడునది హాజరు పిలిచినపుడే. విద్యార్థులు వినుట లేదను ఫిర్యాదు ప్రతి అధ్యాపకగోష్ఠిలోను వినబడుచున్నది, అందులో నిజమున్నది. పాఠమును సెల్‌ఫోనులో ముద్రించుకొని ఇంటివద్ద వినెదమనువారున్నారు. వానిలో మరల వినబడినవి ఎన్నియో వారికే తెలియవలెను. అయితే ముద్రణయంత్రము గురువు మాటను పట్టగలదే గాని, శిష్యుడు ఎక్కడ తప్పినాడో విని చెప్పజాలదు. ఆ పని చేయు చెవి తరగతిలో ఎవరిది?

దీనికి క్రొత్త ప్రణాళికలు అక్కరలేదు. వాక్యార్థసభలో పూర్వపక్షమును అనువదించి ఎదుటివాని సమ్మతి పొందిన పిమ్మటనే సమాధానమారంభించు మర్యాద యున్నది. దానిని విద్వాన్, శిరోమణి స్థాయి తరగతులలో వారమునకొక పూట నడిపినను చాలును. ఒక విద్యార్థి శంకను చెప్పవలెను. రెండవవాడు దానిని తిరిగి చెప్పవలెను. మొదటివాడు 'నా అభిప్రాయమిదియే' అనువరకు సమాధానము చెప్పరాదు. పరిశోధకుల మౌఖికపరీక్షలోను పరీక్షకుని ప్రశ్నను ముందు అనువదింపుమనినచో, ప్రశ్నలో సగము అక్కడనే తేలిపోవును. అధ్యాపకుడును ఈ నియమమునకు బద్ధుడు కావలెను. శిష్యుని శంక సగములో నుండగనే సమాధానమందుకొను అలవాటు పాండిత్యము ఎక్కువైనకొలది బలపడుచుండును.

ఛాందోగ్యము ఏడవ అధ్యాయములో నారదుడు తనకు బోధింపుమని సనత్కుమారుని సమీపించినాడు. సనత్కుమారుడు బోధ ఆరంభింపలేదు. నీకు తెలిసినదేమో ముందు చెప్పుము, దానికి పైనున్నది తరువాత చెప్పెదనన్నాడు. నారదుడు నాలుగు వేదములతో మొదలుపెట్టి ఇతిహాసపురాణములు, గణితము, వాకోవాక్యము, నక్షత్రవిద్య, సర్పవిద్య వరకు వరుసగా చెప్పుకొనిపోయినాడు. ఆ పట్టిక ముగియువరకు సనత్కుమారుడు నడుమ ఒక్క మాటయైనను అనలేదు. అది ముగిసిన తరువాతనే నారదుడు, ఇంత చదివియు తాను మంత్రవేత్తను మాత్రమే ననియు, శోకించుచున్నాననియు బయటపెట్టినాడు.